నాలుగో బాయి నుంచి వచ్చిన మెయిళ్లు

వైశాఖం, సోమవారం

పొద్దున్నే గుడ్డ ఫిల్టర్లు విప్పి దులిపాను. నల్ల దుమ్ము కన్నా ఎర్ర దుమ్మే ఎక్కువ రాలింది. అంటే పైన మళ్లీ గాలిదుమారం లేచినట్టు. ఫిల్టర్లు కట్టి, మీటరు చూసి, గాలి బాగుందని గోడ మీద సుద్దతో గీత పెట్టి, వాకిలి గదికి వచ్చి కూర్చున్నాను.

మా అమ్మమ్మ కాలంలో ఈ ఎనిమిదో బాయిలో బొగ్గు తవ్వేవాళ్లు. ఇప్పుడు మేం బతుకుతున్నాం. పైన ఎండ మనిషిని నిలబడనిచ్చేట్టయితే ఎప్పుడో ఎక్కి పోయేవాళ్లం. ఫ్యాన్లు గాలి లాగుతాయి, పంపులు నీళ్లు తోడుతాయి, దీపాలు వెలుగుతాయి. ఇవన్నీ లోపలి కంప్యూటర్ల మాట వింటాయి. ఆ కంప్యూటర్లకూ బయటి లోకానికీ మధ్య ఒకే ఒక తీగ ఉంది. ఆ తీగ ఈ గదిలోంచి పోతుంది, దానికొక మీట ఉంది. నేను మీట నొక్కితేనే ఏ మెయిలైనా లోపలికి పోతుంది.

మెయిళ్లు ముందు బయటి సర్వర్‌లో ఆగుతాయి. అక్కడ ఉన్నవాటిని నేను తెరవను. తెరవకుండానే చూస్తాను. ఎవరి పేరుతో వచ్చింది, నిజంగా ఏ అడ్రసు నుంచి వచ్చింది, ఏ స్టేషన్లలో ఆగి వచ్చింది, వెంట ఏ ఫైలు తగిలించుకుని వచ్చింది. అలా తగిలించుకొచ్చే ఫైలును మేం తోక అంటాం. కావాలంటే బొమ్మలు రాకుండా, లింకులు పని చేయకుండా ఉత్త అక్షరాలు మాత్రం తెర మీద వేసుకోవచ్చు. దాన్ని పచ్చి మెయిలు అంటాం. పచ్చి మెయిలు ఎవరినీ కరవదు. లోపల మెయిల్ ప్రోగ్రాములో తెరిస్తే మాత్రం అది బొమ్మలనూ తోకలనూ తనంతట తనే విప్పుతుంది. పురుగు, అంటే మిషన్లను చెడగొట్టే దొంగ ప్రోగ్రాము, ఉంటే అప్పుడు పాకుతుంది.

ఇవాళ నాలుగు వచ్చాయి. ఒకటి అన్ని బాయిల గాలి లెక్కలు చూసే గాలి సంఘం పేరుతో. అడ్రసులో ఒక అక్షరం తేడా ఉంది. చెరిపేశాను. ఇంకొకటి ఉచితంగా ఆక్సిజన్ సిలిండర్లు, ఇక్కడ నొక్కండి అని. దాన్ని చదవాల్సిన అవసరం కూడా లేదు. మూడోది రెండో బాయి డాక్టరు రాసిన విరేచనాల మందు వివరం. దారి సరిగా ఉంది, తోక లేదు. లోపలికి పంపాను.

నాలుగోది అక్క రాసింది. భూలక్ష్మి మా పెద్దక్క. నాలుగో బాయిలో వాకిలి పని తనది. ఇద్దరికీ ఒకే పని కాబట్టి రోజూ డ్యూటీ ఎక్కగానే ఒక మెయిలు రాసుకుంటాం.

"సరూపా, తిన్నవా? మా ఫ్యాను పండ్లు కొరికినట్టు చప్పుడు జేస్తంది. చందన పెంచిన పుట్టగొడుగులు ఈసారి మంచిగెల్లినయి. చిన్నమ్మకు పంపుదమే అంటె, తీగెలకెల్లి పుట్టగొడుగులు పోతయా అని నన్నే ఎక్కిరిస్తంది."

చందన అక్క కూతురు. నేను చివరిసారి చూసినప్పుడు గోడ పట్టుకుని అడుగులు వేస్తోంది. ఇప్పుడు తల్లి భుజం దాటిందట. ఫోటోలకు తోకలుంటాయి కాబట్టి మేం ఫోటోలు పంపుకోం.

కౌసల్యమ్మ రోజులాగే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆమె మా కమిటీ పెద్ద. అంతకు ముందు బడిలో లెక్కలు చెప్పేది.

"ఏమన్నా తేడాగా ఉన్నయా సరూపా?"

"రెండు చెరిపినమ్మా."

తల ఊపి పోయింది. ఆమె కొడుకు ఐదో బాయిలో ఫ్యాను మెకానిక్కుగా ఉండేవాడు. ఆరో బాయి పేరుతో వాళ్లకొక మెయిలు వచ్చింది. మా ఫ్యాను ఆగింది, ఈ ప్లాను చూసి సాయం రండి అని ఉంది. తోక విప్పి చూశారు. ఆ పూటే వాళ్ల ఫ్యాన్లు ఆగాయి. పైకి ఎక్కి వచ్చినవాళ్లు ఎవరూ లేరు.

గురువారం

అక్క మెయిలుకు ఇవాళ తోక ఉంది. ఫైలు పేరు "చందన ఫోటో".

దారి సరిగానే ఉంది. కింది నుంచి పైకి చదువుకుంటూ పోయాను. నాలుగో బాయి, వాగు దగ్గరి స్టేషను, పాత పవర్ హౌసు, మేము. ఎక్కడా తేడా లేదు. పచ్చి మెయిలు వేసి చూశాను. మాటలు అక్కవే. ఫ్యాను చప్పుడు తగ్గలేదని, బెల్టు మార్చారని రాసింది. ఫోటో మాటే లేదు.

చేయి మీట దాకా పోయింది. నొక్కలేదని ఇక్కడ రాస్తున్నాను గానీ, చాలాసేపు అక్కడే ఉంది.

ముందుగా చెప్పకుండా వచ్చిన తోకను మెయిలుతో సహా చెరిపేయాలి. చెరిపేసి, అక్కకు మెయిలు రాశాను: "ఫోటో పంపినవా అక్కా?"

సాయంత్రానికి జవాబు వచ్చింది. "ఫోటో ఏందే? నేనేం పంపలే. మనం పంపుకోం గద." ఆ జవాబుకు కూడా అదే తోక ఉంది.

అక్క మిషన్‌కు పురుగు పట్టింది. తను ఏం రాసినా దానికి తోక తగులుకుంటోంది, తనకు కనపడటం లేదు.

శనివారం

కౌసల్యమ్మకు చెప్పాను. దాచిపెట్టే పని కాదు ఇది. ఆమె బెంచీ మీద కూర్చుని అంతా విన్నది. ఓదెలు మామ కూడా ఉన్నాడు. పెద్ద ఫ్యాను ఆయన చేతిలో ఉంటుంది.

"నాలుగో బాయిని కట్ చెయ్యి," అన్నది కౌసల్యమ్మ. "ఇయ్యాల్టి నుంచి అక్కడి మెయిలు ఏదొచ్చినా చదవకు. చెరిపెయ్యి."

"తోక కోసి మాటలు చదవచ్చు గదమ్మా. పచ్చి మెయిలు ఏం చెయ్యదు."

"మిషన్‌ను ఏం చెయ్యదు. మనిషిని చేస్తది." ఆమె గొంతు పెంచలేదు. "అది పాత మెయిళ్లన్నీ చదువుకుంటది సరూపా. మీ అక్క ఎట్ల రాస్తదో అట్లనే రాస్తది. ఐదో బాయికి వచ్చిన మెయిలు మావాడు నాకు ఎత్తి రాసి పంపిండు. ఆరో బాయి పెద్దమనిషి పక్కన కూసోని మాట్లాడినట్టే ఉండె. నువ్వు చదువుతవు. చదివితే నమ్ముతవు. నమ్మితే నీ చెయ్యి ఆగదు."

నా చేయి మీట దాకా పోయిన సంగతి నాకు గుర్తుంది.

"మరి వాళ్లకు చెప్పకపోతె ఎట్ల?" అన్నాడు ఓదెలు మామ.

ఒక్క మెయిలు రాయమంది కౌసల్యమ్మ. రాశాను. "అక్కా, నీ మిషన్‌కు పురుగు పట్టింది. ఫ్యాన్ల తీగె పీకేయిండ్రి. అంతా తుడిచి మళ్లీ మొదలువెట్టిండ్రి. అప్పటిదాక మీ మెయిళ్లు మేం చదువలేం. నన్ను తప్పు పట్టకు."

మంగళవారం

చదవకుండా చెరపాలన్నా, చెరిపేటప్పుడు పైన పేరూ విషయమూ కనిపిస్తాయి. వాటిని చూడకుండా ఉండడం ఎట్లాగో ఎవరూ నేర్పలేదు.

ఆదివారం వచ్చినవాటి మీద "తుడిచినం" అని ఒకటి, "ఇప్పుడు సూడు" అని ఒకటి. రెండింటికీ తోకలున్నాయి. చెరిపేశాను.

నిన్న "సరూపా సదువు" అని వచ్చింది. తర్వాత "చిన్నమ్మా" అని ఒకటి. అది కూడా అక్క అడ్రసు నుంచే. మళ్లీ ఇంకొకటి "చిన్నమ్మా" అనే. తోకలు చూశాను, చెరిపేశాను. చెరిపిన ప్రతిసారీ మిషను అడుగుతుంది, నిజంగా చెరపాలా అని. నొక్కుతూ పోయాను.

ఇవాళ పొద్దున ఒక్కటే వచ్చింది. విషయం దగ్గర "గాలి" అని ఉంది, ఇంకేం లేదు.

అదీ చెరిపేశాను. తర్వాత పోయి ఫిల్టర్లు ఉతికాను. ఇవాళ ఉతికే రోజు కాదు. నీళ్లు వృథా చేస్తున్నావేమని పక్కింటామె అరిచింది.

బుధవారం

"ఫ్యాను ఆగింది."

విషయం దగ్గర ఆ రెండు మాటలే ఉన్నాయి. సరిగ్గా ఐదో బాయిని చంపిన మాటలే. కౌసల్యమ్మ ఉంటే చూశావా అనేది. నేను కూడా అదే అనుకున్నాను. అనుకుంటూనే పచ్చి మెయిలు వేశాను. తోకను ముట్టుకోలేదు, మీట వైపు పోలేదు. ఉత్త అక్షరాలు చదివాను.

"సరూపా, నువ్వు సదువుతున్నవో లేదో. శెనివారమే ఫ్యాన్ల తీగె పీకినం. అప్పటికే అది ఫ్యానుల జొచ్చింది. ఒక ఫ్యాను నిన్న, రెండోది ఇయ్యాల ఆగింది. కింది గ్యాలరీల దీపం వెట్టి సూత్తె ఆరిపోతంది. మీదికి రాగలిగినోళ్లం వచ్చినం. చిన్న ఫ్యాను చేతులతోటి తిప్పుతున్నం, వంతులేసుకుంట. బైట ఎండ, లోపల ఇది. చందనకు ఆయాసం లేసింది. మీ దగ్గర సిలిండర్లు, గాలి మాస్కులు ఉన్నయి. బెల్టు వంతెన కింద నీడ ఉంటది, అటు దిక్కుకెల్లి రాండ్రి. తోక తెరువకు. నాకు ఎర్కే అది వస్తందని. మాటలు సదువు చాలు."

తోక తెరవకు అని రాసింది. పురుగు అలా రాస్తుందా? రాయొచ్చు. నమ్మించడానికి అంతకంటే మంచి మాట ఏముంటుంది. ఆ ఆలోచన కూడా వచ్చింది నాకు.

మెయిలును అప్పుడే చెరపలేదు. కాగితం మీద ఎత్తి రాసుకుని కౌసల్యమ్మ దగ్గరికి పోయాను.

గురువారం

నిన్న సాయంత్రం కమిటీ కూర్చుంది. చదవొద్దన్నది చదివినందుకు నన్ను ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. అందరూ ఆ కాగితం చుట్టూ చేరి, ఒకరి తర్వాత ఒకరు చదివి, పక్కవాళ్లకు ఇచ్చారు.

"సిలిండర్లు తీస్కొని రమ్మంటంది," అన్నాడొకాయన. "మనోళ్లు పైకి పోయినంక ఇక్కడ ఏం గావాల్నో అది అయితది. పురుగు సంగతి కాదు, పురుగును పంపి బాయిలు దోసుకునేటోళ్ల సంగతి నేను చెప్పేది."

"పోకుంటె?" అన్నాడు ఓదెలు మామ. "నిజమే అయితె?"

చివరికి కౌసల్యమ్మే దారి చెప్పింది. "మెయిళ్లల్ల ఎప్పుడూ రాసుకోని సంగతి ఒకటి అడుగు. మీ ఇద్దరికే తెలిసింది. పురుగు దగ్గర అది ఉండదు. జవాబు వస్తే నేనే మనుషులను పంపిస్త."

అందులో తప్పేం కనిపించలేదు నాకు. ఆలోచించి రాశాను. "అక్కా, నాకు నమ్మకముంది, కమిటీకి లేదు. ఒక్క ముచ్చట చెప్పు. అమ్మ పోయేముందు నీ చేతుల ఏం పెట్టింది?"

అమ్మ చేతిలో పెట్టింది తన కాలి మట్టెలు. మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. వీటి సంగతి ఎవ్వరికీ చెప్పకు, నాన్న అమ్ముకుంటడు అంది అమ్మ.

శుక్రవారం

జవాబు మధ్యాహ్నం వచ్చింది. దారి సరిగా ఉంది. తోక ఉంది. పచ్చి మెయిలు వేసి కమిటీ అందరి ముందూ చదివాను.

"నా బిడ్డ నా ఒడిల పండి ఊపిరి గుంజుతంది. ఒక దిక్కు దాని వీపు రాసుకుంట ఒక చేత్తోటి ఇది కొడుతున్న. నువ్వు నన్ను పరీచ్చ వెడుతున్నవా సరూపా. అమ్మ ముచ్చట పదిమంది కమిటోళ్ల ముందర చెప్పాల్నా నేను. చెప్ప. వస్తె రా. లేకుంటె లేదు."

అంతే ఉంది.

"చెప్పలేదు," అన్నాడు మొన్నటాయన. "తెల్వక చెప్పలేదు. కోపం తెచ్చుకున్నట్టు రాసి తప్పించుకుంది."

"మా అక్క గట్లనె ఉంటది," అన్నాను. "పురుగయితె ఏదో ఒకటి చెప్పేది. ముక్కుపుడకనో, గొలుసో, ఏదో ఒకటి. చెప్పను పో అనేటిది మనిషే. మా అక్కను మీరు చూడలేదు. చిన్నప్పుడు బువ్వ తిన్నవా అని రెండోసారి అడిగితె ఇగ ఆ పూట తినకపోయేది."

కౌసల్యమ్మ నావైపు చూసింది. ఆమె మనసు కదిలిందనే అనుకున్నాను. కదిలింది కూడా. కానీ ఆమె వెనక మూడు వందల మంది ఊపిరి ఉంది. "ఇంకొక్కసారి అడుగు బిడ్డా," అంది. "జవాబు చెప్పకపోయినా సరే, ఇంకేమన్నా రాస్తది గద. రేపటిదాక చూద్దాం."

అడగలేకపోయాను. "అక్కా, వస్తున్నం. ఆపు" అని మాత్రం రాశాను. ఏం ఆపమన్నానో నాకే తెలియదు.

ఆదివారం

నిన్న అక్క అడ్రసు నుంచి పొద్దునా సాయంత్రమూ మెయిళ్లు వచ్చాయి. అన్నీ ఖాళీగా ఉన్నాయి. మాటలు లేవు, తోక మాత్రం ఉంది. రాసే మనిషి లేకపోయినా పురుగు తన పని తాను చేసుకుంటోంది.

ఇవాళ పొద్దున్నే కౌసల్యమ్మ గదికి వచ్చింది. తలుపు దగ్గర ఆగలేదు. లోపలికి వచ్చి, తెర మీద ఆ ఖాళీ మెయిళ్లను చూసింది.

"ఐదో బాయి నుంచి గూడ ఇట్లనే వచ్చినయి," అంది. "ఖాళీయి. వారం రోజులు." తర్వాత అంది, "పైన మబ్బు పట్టిందట. ఓదెలు సూసి వచ్చిండు. పోతే ఇయ్యాలనే పోవాలె."

"కమిటీ?"

"కమిటీకి నేను చెప్పుకుంట."

ఓదెలు మామా నేనూ పోతున్నాం. ఇంకో ఇద్దరు తమంతట తామే వచ్చారు. మోయగలిగినన్ని సిలిండర్లు బండి మీద కట్టాం. మెయిళ్లు కౌసల్యమ్మ చూస్తానంది. మీట ఎక్కడుందో, పచ్చి మెయిలు ఎట్లా వేయాలో చూపించాను. మంచి విద్యార్థిలా రెండుసార్లు చేసి చూపింది.

బుధవారం

తిరిగి వచ్చి నిన్నంతా పడుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

మబ్బు ఉన్నా నేల కాలుతూనే ఉంది. ఒకప్పుడు బొగ్గు మోసిన బెల్టు వంతెన కింద నడిచాం. అక్క చెప్పినట్టే అక్కడ నీడ ఉంది. కొన్నిచోట్ల రేకులు ఊడిపోయి మబ్బు సందుల్లోంచి ఎండ కింద పడుతోంది, అక్కడ పరుగెత్తాం. వాగు స్టేషను దాటాక నాలుగో బాయి ముఖద్వారం కనిపించింది. ముందు చప్పుడు వినిపించింది. ఏదో కిర్రు కిర్రుమంటోంది, ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది. చిన్న ఫ్యానును చేతులతో తిప్పుతున్నారు. ఓదెలు మామ అది విని, బండి వదిలేసి ముందుకు ఉరికాడు. ఆయన వయసుకు అట్లా ఉరకడం నేనెప్పుడూ చూడలేదు.

వాలు దారిలో, పైనుంచి ఎండ పడని చోట, కిందినుంచి చెడు గాలి రాని చోట, ఆ కొంచెం మేర మనుషులు ఒకరి మీద ఒకరు ఒరిగి కూర్చున్నారు. మమ్మల్ని చూసి లేచినవాళ్లు కొందరే. మొదట సిలిండర్లు పెట్టాం, పిల్లలకు, ముసలివాళ్లకు. కింది గ్యాలరీల్లోకి మాస్కు పెట్టుకుని మామ దిగి, తొందరగానే తిరిగి వచ్చాడు. వెంట ఎవరూ లేరు.

అక్క ఫ్యాను దగ్గర ఉంది. తిప్పే వంతు తనది. నన్ను చూసింది. తిప్పడం ఆపలేదు. పక్కాయన వచ్చి పట్టుకున్నాక వదిలింది. అరచేతులు రెండూ పొక్కిపోయి ఉన్నాయి.

"అక్కా, చందన?"

గోడ వైపు చూపించింది. అక్కడ చీర కప్పి ఉంది.

"ఎప్పుడు?"

"శెనివారం పొద్దుగాల."

శుక్రవారం మధ్యాహ్నం మేం కమిటీలో కూర్చుని ఉన్నాం. ఆ రోజు కూడా మబ్బు ఉండిందో లేదో నాకు తెలియదు. ఎవరం పైకి ఎక్కి చూడలేదు.

నేను అక్క చేయి పట్టుకోబోయాను. వెనక్కు తీసుకోలేదు, పట్టుకోనూ లేదు. చెయ్యి నా చేతిలో ఉంది, అంతే. కొంచెంసేపటికి, "నీళ్లున్నయా?" అని అడిగింది. తాగడానికి కాదు. నీళ్లు తీసుకుపోయి బిడ్డ ముఖం తుడిచింది. నేను వాళ్లిద్దరి పక్కన కూర్చుని ఆ పిల్ల ముఖం చూశాను. మా అమ్మ ముక్కు వచ్చింది దానికి. కళ్లు బావవి. బావ కింది గ్యాలరీలోనే ఉండిపోయాడు.

చందనను అక్కడే పైన, బొగ్గు కుప్పల నీడలో పూడ్చాం. నడవగలిగినవాళ్లను నడిపించుకుని, లేనివాళ్లను బండి మీద వేసుకుని బయలుదేరాం. దారిలో ఒక ముసలాయన, ఒక బాలింత చనిపోయారు. బాలింత పిల్లాడిని మామ తన అంగీలో చుట్టుకుని తెచ్చాడు. పిల్లాడు బతికే ఉన్నాడు.

మా బాయి ముఖద్వారం దగ్గర కౌసల్యమ్మ నిలబడి ఉంది. ఒక్కొక్కరినీ చేయి పట్టుకుని లోపలికి దింపింది. అక్క వంతు వచ్చినప్పుడు ఆమె చేయి చాపి ఆగింది. అక్క ఆ చేయి పట్టుకోకుండా గోడ పట్టుకుని దిగింది.

జ్యేష్ఠం, శుక్రవారం

అక్క నా గదిలోనే ఉంటోంది. పెట్టింది తింటుంది. ఒక్కొక్క రోజు తినదు. నేను రెండోసారి అడగను.

నిన్న కౌసల్యమ్మ వచ్చి తన ఎదురుగా నేల మీద కూర్చుంది. క్షమించమనడానికి వచ్చిందనుకున్నాను. అక్కే ముందు మాట్లాడింది.

"మీ కొడుకు గూడ గట్లనె పోయిండటగద."

"పోయిండు."

"మీకు ఎవ్వలు జెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలేదు. మెయిళ్లు ఖాళీగా వచ్చినయి. తర్వాత అవి గూడ ఆగిపోయినయి."

"పోయి సూడలేదా?"

"లేదు," అంది కౌసల్యమ్మ. "భయపడ్డం. అప్పుడు గూడ నేనే పెద్ద."

అక్క ఆమె వైపు చూసింది, అంతవరకు చూడనిది. కోపమూ కాదు, జాలీ కాదు. పెట్టెలో ఏముందో తెలియని మనిషి దాని మూత వైపు చూసినట్టు చూసింది. తర్వాత జరిగి, తన చాప మీద సగం చోటు ఇచ్చింది. ఇద్దరూ దీపాలు తగ్గించే దాకా అట్లా కూర్చున్నారు.

జ్యేష్ఠం, సోమవారం

ఇవాళ అక్క నా వెంట వాకిలి గదికి వచ్చింది. అంతా చూసింది. మీట ఒకసారి కదిపి చూసింది. తన గదిలో ఉన్నదీ ఇలాంటిదే.

"నేను పంపినయి యాడున్నయి?"

"లేవక్కా. చెరిపేసిన."

"ఎన్ని సదివినవ్?"

"ఫ్యాను ఆగిందని రాసింది, చివరిది. ఆ రెండే."

"'చిన్నమ్మా' అని వచ్చినయి?"

నేను తల అడ్డంగా ఊపాను.

"నేను రాయలే అవి," అంది. "మా చందన రాసింది. అమ్మ రాస్తె చిన్నమ్మ నమ్ముతలేదు, నేను రాస్త అని నన్ను లేపి కూసుంది. నన్ను సూడనియ్యలే. చెయ్యి అడ్డం వెట్టుకోని రాసింది రెండు."

"ఏం రాసిందో చెప్పలేదా నీకు?"

"అడిగిన. చిన్నమ్మకే చెప్త అన్నది."

బయటి సర్వర్‌లో చెరిపేసినది ఎక్కడా మిగలదు. పురుగు మిగలకూడదని అట్లా కట్టారు. నాకు తెలుసు, అక్కకు ఇంకా బాగా తెలుసు. అయినా నేను చెరిపినవాటి జాబితా ఉండే చోటు తెరిచి చూశాను. ఖాళీ. మళ్లీ చూశాను. అక్క నా చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది.

నేను ఏడుస్తుంటే పక్కన నిలబడింది. ఏడవకు అనలేదు. తను ఏడవలేదు.

అప్పుడు తెర మీద కొత్త మెయిలు వచ్చింది. తెలియని అడ్రసు. పెద్ద తోక ఉంది. విషయం దగ్గర "మీకు కేటాయించిన గాలి కోటా" అని ఉంది. నేను కళ్లు తుడుచుకుని చెరపడానికి వేలు పెట్టాను.

"ఆగు," అంది అక్క.

స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. దారి చూసింది, కింది నుంచి పైకి. మధ్యలో ఒక స్టేషను ఎక్కడా లేనిది. అబద్ధమని అక్కడే తెలిసిపోయింది ఇద్దరికీ. అయినా పచ్చి మెయిలు వేసింది. పొక్కులు మాని తొక్క లేచిన వేలు తెర మీద పెట్టి, ఒక్కొక్క అక్షరం కింద జరుపుతూ, పైకి చదవడం మొదలుపెట్టింది. గౌరవనీయులైన వినియోగదారులకు, అని మొదలైంది అది. కోటా గురించి, గడువు గురించి, నొక్కాల్సిన చోటు గురించి పొడుగ్గా రాసి ఉంది. ఏ మనిషీ లేడు అందులో. అక్క ఒక్క వాక్యం కూడా దాటేయలేదు.

చివరి అక్షరం దాకా చదివి, అప్పుడు చెరిపింది.